లెక్కల యంత్రమునకు రోగనిదానము

మా వీధి స్త్రీల పొదుపు చిట్టా కూడినపుడు, పెట్టెలోని పైకము లెక్కకు 1,600 రూపాయలు తక్కువయ్యెను. పైకము దాచు నావిడను గూర్చి మాలో నొకరు తొందరపడి యొక మాట యనిరి. తక్కిన వారము వారింపలేదు. ఆ రాత్రి మనసూరకుండక చేతితో తిరిగి కూడితిమి. పైకము కాసుతో సరిపోయినది! 170 అని నొక్కినచోట లెక్కల యంత్రము 1,770 అని గ్రహించినది. ఏడు అంకె మీట ఒక్కమారు నొక్కిన రెండుమార్లు పలుకుచున్నది.

1988లో కొన్న యంత్రమది; పారవేయ మనసొప్పక బ్యాటరీలు తీసి వెనుక మరలు విప్పితిమి. (గోడ విద్యుత్తుతో నడచు వస్తువుల నిట్లు విప్పరాదు సుమా!) పలకపై ప్రతి మీట క్రిందను, రెండు దువ్వెనల పండ్లు ఒకదానినొకటి తాకకుండ దూర్చినట్లు గీతలుండును. రబ్బరు మీట అడుగున నల్లని కర్బనపు బిళ్ల యున్నది. నొక్కినపుడు బిళ్ల యా రెంటిని కలుపును. ఏండ్లు గడచుకొలది రబ్బరునుండి ఊరు జిడ్డు, ధూళి నడుమ పేరుకొనును. అప్పుడు స్పర్శ తెగి మరల కలియును. యంత్రము దానిని రెండవ నొక్కుగా భ్రమపడును.

దోషము బిళ్లదా, పలకదా? రబ్బరు తొలగించి, బ్యాటరీలు మరల నుంచి, చిన్న తీగతో ఆ దువ్వెనలను కలిపితిమి. ఏడు ఒక్కటియే వచ్చినది. పలక నిర్దోషి. మల్టీమీటరు ముండ్లానించి చూడగా తక్కిన బిళ్లలు రెండువందల ఓములకు లోపలనుండ, ఏడు బిళ్ల మాత్రము వేలలో నుండెను.

ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదిపుల్లతో గీతలను, బిళ్లను మెల్లగా తుడిచి పూర్తిగా ఆరనిచ్చితిమి. గరుకు కాగితముతో రుద్దినచో కర్బనమే రాలిపోవును. మెత్తని పెన్సిలు రాచుట కొన్నాళ్లు పనిచేయును గాని, ఆ పొడి ప్రక్క గీతలపై రాలి క్రొత్త చిక్కు తెచ్చును. మే మందుకు పోలేదు.

మూడు నాలుగు మీటలు కలిసి మూగవోయినచో నిదానము వేరు. మీటలు అడ్డగీతలు, నిలువుగీతలు కలియుచోట్ల నమరియుండును. ఒక్క గీత తెగిన దానిపైని మీటలన్నియు చెడును. పైకి కనబడు అంకెల వరుసకును ఆ గీతలకును పొత్తుండవలెనని లేదు. బ్యాటరీ కారి తెల్లని పొడి పట్టినదేమో ముందు చూడవలెను. రాగి గీతను అది తినివేయును.

మరలు బిగించి ఏడును నూరుమార్లు నొక్కితిమి. ఒక్కమారైనను జంటగా రాలేదు. మరునాడు చిట్టా పట్టుకొని ఆవిడ యింటికి పోయి, నలుగురిలో అనిన మాటను నలుగురిలోనే వెనుకకు తీసికొంటిమి.