దగ్గు లేని క్షయ

క్షయ యనగానే దగ్గు, రక్తము, కృశించిన దేహము మన కన్నులకు గట్టును. దగ్గు లేని క్షయయు గలదని యెరిగిన గృహిణులు కొలదిమంది. ఊపిరితో లోనికి బోయిన సూక్ష్మజీవి నెత్తుటివెంట సాగి యెముకలలో నాటుకొనవచ్చును. ఎముకల క్షయలో సుమారు సగము వెన్నెముకకే సోకును. తరువాతివి తుంటి, మోకాలు. వ్రేళ్లు, మణికట్టు, ప్రక్కటెముకలయందు బుట్టుట యరుదు. అరుదగుటచేతనే గుర్తింపు ఆలస్యమగును.

పసిబిడ్డలకు వ్రేలియెముక బుడగవలె నుబ్బుట యట్టిదొకటి. నొప్పి స్వల్పము, ఎఱుపును వేడియు నంతగా నుండవు. మా కోడుమూరు వంటి పల్లెపట్టులలో నిట్టి వాపును బెణుకందుము. పట్టు వేయుదుము, కట్టు కట్టింతుము. నెలలు గడచును, లోపల నెముక కరగుచుండును.

సోదరీమణులారా, బెణుకు దినదినము తగ్గును. క్షయవాపు మెల్లమెల్లగా బెరుగును. మేలుకొన్నపుడు కీలును గాచు కండలు నిద్రలో సడలును. అప్పుడు కీలు కదలి బిడ్డ యులికిపడి యేడ్చును. జ్వరము లేకున్నను క్షయ లేదనుకొనరాదు. తలంటు నాడు బిడ్డల వెన్నును వ్రేళ్లను తడిమి చూడుడు. మూడు వారములకును తగ్గని వాపునకు వైద్యుడే దిక్కు.

తొలినాళ్ల ఎక్స్‌రేలో దోషము కనబడకపోవచ్చును. ఎమ్మారై ముందుగా బట్టును. అయినను చీముగడ్డ, కంతి, క్షయ పటమున నొకే తీరుగా దోచవచ్చును. కావున సూదితోనో చిన్న శస్త్రముతోనో ముక్క తీసి సూక్ష్మదర్శినితో జూడవలయును. సూక్ష్మజీవిని పెంచి చూడవలయును. సీబీనాట్ పరీక్ష రెండు గంటలలో క్షయను, ముఖ్యౌషధమగు రిఫాంపిసిన్‌కు లొంగునో లేదో యనుటను దెలుపును. ఎముకలో సూక్ష్మజీవులు తక్కువ గనుక ఒక పరీక్షలో లేదన్నంత మాత్రాన నిశ్చింత కూడదు. కర్నూలులో 1957 నుండి వైద్యకళాశాల గలదు. ముక్క తీయుదురని వెఱచి బిడ్డను ఇంటికి మరలింపకుడు.

1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయ చికిత్సాలయము వెలసిననాడు గాలి, విశ్రాంతి, ఆహారములే ప్రధానౌషధములు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినపిదప కాలము మారినది. నేడు ప్రభుత్వ వైద్యశాలలలో మందులు ఉచితము. ఎముకక్షయకు తరచుగా ఏడాదియు, ఒక్కొక్కపుడు అంతకు మించియు వాడవలసియుండును. నొప్పి తగ్గినదని నడుమ మానరాదు.

ఆడుబిడ్డకు పెండ్లి కాదను భయమున దీనిని దాచు నిండ్లు గలవు. ఊపిరితిత్తులలో వ్యాధి లేనిచో ఎముకక్షయ సాధారణముగా నొరులకంటదు. దాచిన వెన్నెముక క్షయ కాళ్లను పడగొట్టగలదు. వేళకు గుర్తించిన క్షయ మందులకు లొంగును. సిగ్గుపడవలసినది రోగమునకు గాదు, ఆలస్యమునకే.