వ్యాయామం చేసే స్త్రీలలో కండర వృద్ధి, శరీర బరువు

గత యూనిట్‌లో మీరు శక్తి సమతౌల్యం గురించి చదివారు. ఆహారం ద్వారా అందే శక్తి కంటే ఖర్చయ్యే శక్తి ఎక్కువైతే శరీరంలోని నిల్వలు తరుగుతాయని అక్కడ తెలుసుకున్నారు. ఆ పాఠం ముగిశాక కాంటాక్ట్ తరగతుల్లో దాదాపు ప్రతి ఏడూ నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "రెండు నెలలుగా వ్యాయామం చేస్తున్నాను మేడం, బరువు మాత్రం తగ్గలేదు. ఇక మానేయనా?" మానేయవద్దన్నదే నా సమాధానం. అందుకు కారణాలు ఈ యూనిట్‌లో పరిశీలిద్దాం.

7.1 తూకం దేనిని కొలుస్తుంది?

బరువు తూచే యంత్రం మీద నిలబడినప్పుడు ఎముకలు, కండరాలు, కొవ్వు, రక్తం, కణాలలోని నీరు, పేగుల్లో ఇంకా జీర్ణం కాని ఆహారం అన్నీ కలిపి ఒకే అంకెగా కనిపిస్తాయి. ఏది ఎంత ఉందో ఆ అంకె చెప్పదు. అందువల్ల పోషకాహార శాస్త్రంలో శరీరాన్ని కనీసం రెండు భాగాలుగా విడదీసి చూస్తాం: కొవ్వు ద్రవ్యరాశి, కొవ్వు రహిత ద్రవ్యరాశి. కండరాలు రెండవ భాగంలోకి వస్తాయి.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక గృహిణి బరువు 62 కిలోలు. అందులో కొవ్వు 22 కిలోలు, మిగిలినది 40 కిలోలు. వారానికి మూడు రోజుల చొప్పున నాలుగు నెలలు బరువులెత్తే వ్యాయామం చేసి, ఆహారం కొంత సరిదిద్దుకున్న తరువాత ఆమె బరువు 61.5 కిలోలు. నాలుగు నెలల శ్రమకు అర కిలో! ఆమెకు నిరాశ కలగడం సహజం. కానీ లోపలి లెక్క చూడండి. కొవ్వు 19.5 కిలోలకు తగ్గింది, కొవ్వు రహిత భాగం 42 కిలోలకు పెరిగింది. రెండున్నర కిలోల కొవ్వు పోయి, రెండు కిలోల కండ చేరింది. కొవ్వు శాతం 35.5 నుంచి 31.7కు దిగింది.

ఈ మార్పు తూకానికి అందకపోయినా జాకెట్టుకు తెలుస్తుంది. కిలో కండ, కిలో కొవ్వు బరువులో సమానమే. "కండ కొవ్వు కంటే బరువు" అని వాడుకలో అనే మాటకు సరైన అర్థం సాంద్రతలో తేడా ఉందని. ఒక మిల్లీలీటరు కండరం సుమారు 1.06 గ్రాములు, అంతే కొవ్వు సుమారు 0.9 గ్రాములు తూగుతుంది. పై ఉదాహరణలో పోయిన కొవ్వు సుమారు 2.8 లీటర్ల చోటు ఆక్రమించేది. చేరిన కండకు 1.9 లీటర్లు చాలు. అంటే శరీర ఘనపరిమాణం దాదాపు 0.9 లీటరు తగ్గింది. నడుము దగ్గర జాకెట్టు వదులై, చేతుల దగ్గర కాస్త బిగువైతే ఆశ్చర్యపడనవసరం లేదు.

7.2 మొదటి వారాల్లో పెరిగే బరువు

కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన కొందరికి మొదటి రెండు మూడు వారాల్లో బరువు కిలో వరకు పెరుగుతుంది కూడా. దీనిని చూసి "కండ పెరిగింది" అని సంబరపడకూడదు, "కొవ్వు పెరిగింది" అని కంగారుపడకూడదు. ఇందులో ఎక్కువ భాగం నీరు. వ్యాయామానికి అలవాటుపడే కండరం గ్లైకోజెన్‌ను మునుపటి కంటే ఎక్కువగా నిల్వ చేసుకుంటుంది. ఒక గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. అలవాటు లేని శ్రమ వల్ల కండర తంతువులలో కలిగే సూక్ష్మమైన దెబ్బలు మానేటప్పుడు కూడా అక్కడ కొంత నీరు చేరుతుంది. మరునాడు మెట్లు దిగుతుంటే తొడలు పట్టేసినట్లుండేది అప్పుడే.

స్త్రీలలో ఋతుచక్రం కూడా లెక్కను తారుమారు చేస్తుంది. బహిష్టుకు ముందు రోజుల్లో కొందరికి కిలో, ఒక్కోసారి రెండు కిలోల వరకు నీరు నిలుస్తుంది. ముందు రోజు రాత్రి ఆవకాయ, అప్పడాలు ఎక్కువగా తిన్నా తెల్లవారి తూకంలో తేడా కనిపించవచ్చు. కాబట్టి ఈ రోజు బరువును నిన్నటి బరువుతో పోల్చడం వ్యర్థం. ఒక చక్రంలోని ఏదైనా రోజును, తరువాతి చక్రంలో అదే రోజుతో పోల్చండి.

7.3 "బరువులెత్తితే మగవాళ్లలా అవుతామా?"

ఈ భయం చాలామంది విద్యార్థినులు నెమ్మదిగా, పాఠం అయ్యాక బల్ల దగ్గరికి వచ్చి చెబుతారు. కండరాన్ని పెంచే హార్మోన్లలో ముఖ్యమైన టెస్టోస్టిరాన్ స్త్రీల రక్తంలో పురుషులతో పోలిస్తే పదో వంతు లేదా అంతకంటే తక్కువ. బలం బాగానే పెరుగుతుంది, కండ మాత్రం నెమ్మదిగా, కొద్దిగా చేరుతుంది. నిజానికి తొలి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నాడీ వ్యవస్థ కండర తంతువులను మెరుగ్గా పనిచేయించడం వల్ల వచ్చేదే.

శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 110, 130 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. టోక్యోలో రజతం సాధించిన మణిపూర్ క్రీడాకారిణి మీరాబాయి చాను పోటీపడింది 49 కిలోల విభాగంలో, తలపైకి ఎత్తింది 115 కిలోలు. తన బరువుకు రెండింతలకు పైగా ఎత్తగలిగిన శరీరం యాభై కిలోలు దాటలేదు.

7.4 ఎత్తు, బరువుల సూచిక సరిపోతుందా?

బరువును (కిలోలు) ఎత్తు (మీటర్లు) వర్గంతో భాగిస్తే దేహ ద్రవ్యరాశి సూచిక వస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో బెల్జియం గణిత శాస్త్రజ్ఞుడు కెట్లే రూపొందించిన నిష్పత్తి ఇది. జనసమూహాల అధ్యయనానికి బాగా పనికొస్తుంది. వ్యక్తి విషయంలో తడబడుతుంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ కొలతలే ప్రచురించారు. ఇద్దరి సూచికా 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! సన్నగా కనిపించే భారతీయ శరీరంలో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉండవచ్చని ఇంతకంటే సులువుగా చెప్పిన ఉదాహరణ నాకు తెలియదు. మధుమేహం విషయంలో ఇది చాలా ముఖ్యం. భోజనం తరువాత రక్తంలో చేరే గ్లూకోజ్‌ను ఇన్సులిన్ సాయంతో తీసుకునే కణజాలాల్లో కండరానిదే పెద్ద వాటా.

7.5 పస్తులతో తగ్గే బరువు

వ్యాయామం మాని, రాత్రి భోజనం మానేసి బరువు తగ్గించుకుంటే తూకం సంతోషపెడుతుంది. కానీ అలా తగ్గిన బరువులో సుమారు పావు వంతు కొవ్వు రహిత భాగమే కావచ్చు. మళ్లీ బరువు పెరిగినప్పుడు పోయిన కండ అంతా తిరిగి రాకపోవచ్చు. నలభై దాటిన స్త్రీకి, ముఖ్యంగా బహిష్టులు ఆగిపోయే వయసులో, ఇది తీరని నష్టం. ఎముకల పటుత్వం కూడా అప్పుడే వేగంగా తగ్గుతుంది.

ఇక్కడ ఒక అతిశయోక్తిని సరిచేయాలి. కండ చేరితే కూర్చున్నచోటే శక్తి విపరీతంగా ఖర్చవుతుందని ప్రచారం. కిలో కండ విశ్రాంతిలో రోజుకు సుమారు 13 కిలోకాలరీలు మాత్రమే ఖర్చు చేస్తుంది. రెండు కిలోలు పెరిగితే ఒక చిన్న బిస్కెట్టు పాటి. కండ విలువ దాని పనిలో ఉంది.

కండ కట్టడానికి మాంసకృత్తులు కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం 55 కిలోల స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాములు. బరువులెత్తేవారికి ఇంకొంత ఎక్కువ అవసరం. అన్నం ఎక్కువ, పప్పు పలుచన అయిన మన కంచంలో ఇది కష్టమే. పప్పు చిక్కగా వండుకోవడం, గుడ్డు, పెరుగు, వేరుశనగలు, సెనగలు చేర్చుకోవడం డబ్బాల్లో అమ్మే పొడుల కంటే మంచిది. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని అడగకుండా మాంసకృత్తులు పెంచకూడదు.

7.6 మరి ఏమి కొలవాలి?

దర్జీ టేపు చాలు. అడుగు పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక నడుము కొలవండి. భారతీయ స్త్రీలలో 80 సెంటీమీటర్లు దాటితే ముప్పు పెరుగుతుంది. దాంతో పాటు, చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో రాసి పెట్టుకోండి. నెలకొకసారి చూస్తే చాలు. జిమ్‌లలో కొవ్వు శాతం చూపే యంత్రాలు శరీరంలో బలహీనమైన విద్యుత్తును పంపి అంచనా వేస్తాయి. ఒంట్లో నీరు మారితే ఆ అంకె కూడా మారుతుంది.

అలాగని పెరిగిన ప్రతి కిలోనూ కండ ఖాతాలో వేయకండి. బరువుతో పాటు నడుమూ పెరుగుతుంటే అది కొవ్వే. కాళ్ల వాపు, ఆయాసంతో బరువు పెరిగినా, కారణం లేకుండా వేగంగా తగ్గినా వైద్యుని వద్దకు వెళ్లాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక స్త్రీ మూడు నెలల్లో 58 నుంచి 55 కిలోలకు తగ్గింది. నడుము కొలత 84 సెంటీమీటర్లు, మారలేదు. కుర్చీలోంచి లేచే సంఖ్య 14 నుంచి 11కు పడిపోయింది. ఆమె శరీరంలో ఏమి తగ్గి ఉంటుంది? ఆమె ఆహారం గురించి, వ్యాయామం గురించి మీరు అడగదలచిన మొదటి రెండు ప్రశ్నలు ఏవి? పది వాక్యాలలో రాయండి.