దారిని నిర్ణయించునది వెనుకబండి

వయోమింగు రాష్ట్రమున బిగ్‌హార్న్ పర్వతములకు తూర్పున నిలిచి, ఆవలనున్న ఎల్లోస్టోన్ వనమునకు పోగోరు బాటసారికి పటము మూడు దారులను చూపును: 14, 14ఏ, 16. కాగితమునకు ఎత్తుపల్లములు లేవు గనుక మూడును ఒక్కతీరు గీతలే. వట్టికారులో పోవువానికి మూడును మనోహరములే. కాని పడకలు, పొయ్యి, నీళ్లతొట్టి, స్నానపుగది గల 22 అడుగుల చక్రాలయింటిని కారువెనుక తగిలించుకొని కదలినవానికి ఆ మూటిలో ఒకటి ఆపద, ఒకటి పరీక్ష, ఒకటే దారి.

మిన్నెసోటాలో కాపురమున్న మా అబ్బాయి క్యాంపింగు ట్రైలరొకటి కొని, వేసవి సెలవులలో భార్యాబిడ్డలతోబాటు నన్నును ఎల్లోస్టోన్‌కు తీసికొనిపోవ సంకల్పించి, భోజనపుబల్లమీద పటము పఱచి, బ్యాడ్‌లాండ్స్, రష్‌మోర్ కొండ, కోడీ పట్టణము అని చూడదగిన తావులకెల్ల చుక్కలు పెట్టి, వానిని కలుపుచు గీత గీసెను. ట్రైలరుతో పోవువాడు మొదట కొండదిగుడులను, పిమ్మట రాత్రి మజిలీలను నిశ్చయించుకొని, ఆ రెండును చోటిచ్చినంతవరకే చూడదగిన తావులను చేర్చుకొనవలెనని నా మతము. ఇది నాకు ముందే తెలియునని చెప్పుకొనుట దంభమగును; ఆ పటము ముందు కూర్చున్న రాత్రులలోనే తెలిసినది.

అతడు షెరిడన్ ఊరిలో ఒక రాత్రి బస నిర్ణయించి, అక్కడినుండి కోడీకి దగ్గరదారి యేదని ఫోను నడుగగా, అది సంకోచమేమియు లేక 14ఏ అని చెప్పెను. “ఇదే దగ్గర నాన్నా!” అని వాడు సంబరపడినాడు. దగ్గరయే, కాని ఆ దారి పడమట లవెల్ వైపు దిగుచోట వాలు నూటికి 10 వంతులు, అనగా నూరడుగులు ముందుకు సాగిన పదడుగులు క్రిందికి, అదియు మైళ్లకొలది. బ్రేకు చేయు పనియెల్ల కదలికను వేడిగా మార్చుటయే గదా. ఆ వేడి గాలిలో కలియుటకు వ్యవధి చిక్కక పేరుకొన్నచో, పాదమెంత అదిమినను బండికి పట్టు దొరకదు. అందుచేతనే ఆ దారి ప్రక్కన, బ్రేకులు పోయిన లారీలు ఎక్కి నిలుచుటకు ఎదురెత్తుబాటలు కట్టియుంచిరి. అట్టి బాట యుండుటయే బాటసారికి చాలినంత హెచ్చరిక.

16వ దారి తక్కువ ఎత్తున పోవునది కాదు. పౌడర్ రివర్ కనుమవద్ద అది 9,666 అడుగుల కెక్కును. ఎత్తునకు పోయినకొలది గాలి పలుచనై, వెయ్యి అడుగులకు ఇంచుమించు నూటికి మూడుపాళ్లు ఇంజను బలము తగ్గును గనుక ఎక్కుట మెల్లగనే సాగును. అయినను వాలు సౌమ్యమైనది. టెన్ స్లీప్ లోయలోనికి చిన్న గేరులో నిదానముగ దిగవచ్చును. ఆ దారి బఫెలో అను ఊరినుండి మొదలగును గనుక షెరిడన్ బసను రద్దుచేసి బఫెలోకు మార్చుకొంటిమి. ఒక దిగుడు కొఱకు ఒక రాత్రి ఊరు మారినది.

ఇక బరువుమాట. ఎడ్లబండి తోలినవారికిది క్రొత్త విద్య కాదు. వెనుక బరువెక్కువైన కాడి పైకి లేచును, ముందెక్కువైన ఎద్దుల మెడలు నలుగును. ట్రైలరునకును అంతే: మొత్తపు బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్లు కొక్కెముపై నిలువవలెను. 5,000 పౌన్ల బండికి అది 500 మొదలు 750 పౌన్లు. అంతకు తగ్గినచో వేగమునందు వెనుకబండి తోకవలె ఊగనారంభించి, ముందున్న కారును సైతము త్రిప్పివేయగలదు. మా కోడలు బియ్యపుబస్తాను, ఊరగాయజాడీలను వెనుక అరలో సర్దియుండగా, లారీల కాటామీద తూచి, వానిని ఇరుసునకు ముందువైపు మార్చితిమి. మైదానములలో వీచు అడ్డగాలిని తలంచుకొన్నప్పుడు ఆ శ్రమ వృథా యనిపించలేదు.

దినమునకు 300 మైళ్లు మించక, మధ్యాహ్నము 3 గంటలకు మజిలీ చేరవలెనని ఈ బండ్లవారిలో ఒక వాడుక కలదు. చీకటిలో ట్రైలరును వెనుకకు నడిపినవా రెవరును దానిని హేళన చేయరు. పెట్రోలు ఖర్చు సుమారు రెట్టింపగును. దానినిగూర్చి విచారించుట దండుగ.

రష్‌మోర్ ప్రాంతమున మాత్రము ట్రైలరును బసలోనే విడిచితిమి. పీటర్ నార్‌బెక్ అను రాష్ట్రనాయకుని పట్టుదలతో 1922 నాటికి పూర్తియైన నీడిల్స్ మార్గమున, రాతిసూదుల నడుమ దొలిచిన సొరంగమొకటి సుమారు 8 అడుగుల వెడల్పే. వట్టికారే అందులో మెడ ముడుచుకొని పోవలెను.

ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జి మజిలీయందు ఎలుగుబంట్ల సంచారముచే గుడ్డగోడల గుడారములకు అనుమతి లేదు, గట్టిగోడల బండ్లకే కలదు. దారిపొడవున మమ్ము శాసించిన ఆ బరువైన గోడలు అక్కడ మాకు ప్రవేశపత్రమైనవి. 14ఏ మార్గమును నేను నేటికిని చూడలేదు. అటు పోవు పాఠకులు ట్రైలరును లవెల్‌లో విడిచి, వట్టికారుతో కొండయెక్కి చూచి రావలెనని నా మనవి.