రెక్కలు అలసిన చోట...

మనిషికి వయసు మళ్లితే పింఛను ఇచ్చి ఇంటికి పంపుతారు. మరి విమానానికి? అమెరికా సైన్యంలో అయితే చాలావాటి మజిలీ ఆరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌ నగరమే. అక్కడి డేవిస్‌-మాంథన్‌ వైమానిక స్థావరంలో దాదాపు 2,600 ఎకరాల ఎడారి నేలమీద వేల విమానాలు బారులు తీరి ఉంటాయి. యుద్ధవిమానాలూ బాంబర్లూ హెలికాప్టర్లూ... ఎటు చూసినా అవే. దీనికి జనం పెట్టుకున్న పేరు 'బోన్‌యార్డ్‌'. అంటే, ఎముకల దిబ్బ!

ఎడారే ఎందుకు?
రెండో ప్రపంచయుద్ధం ముగిశాక పనిలేకుండా పోయిన విమానాల్ని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న వచ్చింది. 1946లో ఈ చోటుని ఎంచుకోవడానికి కారణం అక్కడి గాలీ నేలా. ఉప్పుగాలి ఇనుమును ఎలా తినేస్తుందో మన విశాఖవాసులకు చెప్పక్కర్లేదు. టూసాన్‌లో ఆ బెడద లేదు. తేమ తక్కువ, వాన అంతంతమాత్రం. నేలేమో సిమెంటు వేయకుండానే భారీ విమానాల్ని నిలబెట్టేంత గట్టిది. హిరోషిమాపై అణుబాంబు వేసిన 'ఎనోలా గే' కూడా కొన్నాళ్లు ఇక్కడే ఉంది.

నిద్రపుచ్చుతారు!
వచ్చిన విమానాన్ని ముందు శుభ్రంగా కడుగుతారు. ఇంధనం తోడేసి, లోపల తుప్పు పట్టకుండా నూనె పట్టిస్తారు. ఆనక అద్దాలకూ సందులకూ తెల్లటి పూత పూస్తారు. ఎండవేడీ దుమ్మూ లోపలికి పోకుండా అన్నమాట. అలా నిద్రపోయినవాటిలో కొన్ని మళ్లీ లేస్తాయి కూడా. 2008లో వచ్చిన 'ఘోస్ట్‌ రైడర్‌' అనే బి-52 బాంబరు 2015లో తిరిగి గాల్లోకి ఎగిరి, ఆ తర్వాత కొలువులో చేరింది.

అందరికీ ఆ అదృష్టం ఉండదు. చాలావాటిని విడిభాగాల కోసం విప్పేస్తారు, మిగిలింది తుక్కుకే. 1991 నాటి ఆయుధ ఒప్పందం ప్రకారం 365 బి-52లను ధ్వంసం చేయాల్సి వచ్చింది. క్రేనుకు కట్టిన 13,000 పౌండ్ల బరువైన కత్తిని పైనుంచి వదిలి వాటిని ముక్కలు చేశారు. మాట నిలబెట్టుకున్నారో లేదో రష్యా ఉపగ్రహాలు చూసుకునేలా ఆ ముక్కల్ని ఆరుబయటే ఉంచారు!

కొన్నైనా మిగలాలని...
యుద్ధకాలపు విమానాలు ఒక్కొక్కటిగా తుక్కయిపోతుంటే స్థావరంలోనివాళ్లే చూడలేకపోయారు. కొన్నింటినైనా కాపాడాలన్న వాళ్ల తపనే 1976లో తెరుచుకున్న పీమా ఎయిర్‌ అండ్‌ స్పేస్‌ మ్యూజియం. స్థావరానికి దగ్గర్లోనే, దాదాపు 80 ఎకరాల్లో సుమారు 400 విమానాలు ఉన్నాయి. కెన్నెడీ అధ్యక్షుడిగా ప్రయాణించినదీ, ధ్వనికి మూడురెట్ల వేగంతో దూసుకెళ్లిన ఎస్‌ఆర్‌-71 బ్లాక్‌బర్డ్‌, బోయింగ్‌ 787 తొలి నమూనాల్లో ఒకటీ... అన్నిటినీ దగ్గరగా చూడొచ్చు.

బోన్‌యార్డ్‌ మాత్రం సైన్యం చేతిలోది, ఎవరుపడితే వారు వెళ్లలేరు. మ్యూజియంవాళ్లు తిప్పే బస్సులు 2020లో కరోనాతో ఆగిపోయాయి. అయినా కంచె పక్క రోడ్డు మీద వెళ్తుంటే ఆ వరసలు కనిపిస్తూనే ఉంటాయి. టూసాన్‌ వెళ్లే పనుంటే చలికాలం చూసుకోండి. వేసవిలో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. విమానాలకు పూత ఉంది, మనకు లేదుగా!