కాగితం మిల్లు మీద పడ్డ నింద

వందేళ్ల నాటి తెలుగు పుస్తకాల్లో చాలావాటిని తెరిస్తే పుట మడత దగ్గర పుటుక్కున విరుగుతుంది, అంచులు పొడిగా రాలతాయి. ‘మిల్లు కాగితం అంతేలే’ అని సరిపెట్టుకుంటాం. చేత్తో చేసిన కాగితం శతాబ్దాలు నిలిచిందనీ, యంత్రం వచ్చాకే ఈ తెగులు పట్టుకుందనీ వాదన. తేదీలు మాత్రమే చూస్తే నిజమేననిపిస్తుంది. యంత్రం చేసే పని చూస్తే మాత్రం దోషి అది కాదని తేలుతుంది.

ఫ్రాన్స్‌లోని ఎస్సోన్ మిల్లులో పనిచేసే లూయీ నికొలా రోబేర్ కాగితం యంత్రాన్ని రూపొందించి 1799లో పేటెంట్ పొందాడు. ఇంగ్లండులో ఫోర్‌డ్రినియర్ సోదరులు డబ్బు పెట్టగా, బ్రయాన్ డాంకిన్ 1803లో దాన్ని పనిచేసే యంత్రంగా నిలబెట్టాడు. యంత్రానికి తమ పేరు దక్కిన ఆ సోదరులు 1810కల్లా దివాలా తీశారు! మూల పద్ధతి నేటికీ అదే. దాదాపు అంతా నీళ్లే ఉన్న పల్చటి గుజ్జును కదిలే జల్లెడ మీద పోస్తారు. నీరు కారిపోయి నార పొర మిగులుతుంది. దాన్ని రోలర్ల మధ్య పిండి, ఆవిరితో వేడెక్కిన డ్రమ్ముల మీద ఆరబెడతారు. యంత్రం వదిలే గుర్తు ఒకటుంది. జల్లెడ నడిచే వైపే నారలు ఎక్కువగా సర్దుకుంటాయి. అందుకే దినపత్రికను నిలువుగా చించితే తిన్నగా వస్తుంది, అడ్డంగా చించితే వంకర పోతుంది. పుట పొడి కావడానికి మాత్రం ఇది కారణం కాదు.

కారణం పటిక. ఏమీ పట్టించని కాగితం మీద రాస్తే అద్దుడు కాగితంలాగా సిరా పాకుతుంది. ఐరోపాలో చేతి కాగితాన్ని సరేసు నీళ్లలో ముంచి ఆరేసేవారు. 1807లో జర్మనీకి చెందిన మోరిట్జ్ ఇల్లిగ్ రోజిన్ అనే చెట్టు బంకనూ పటికనూ గుజ్జులోనే కలిపేసే చౌక మార్గం చెప్పాడు. మిల్లులకు కావలసింది అదే. కానీ పటిక, తేమ కలిస్తే ఆమ్లం పుడుతుంది. అది సెల్యులోజ్ గొలుసులను మెల్లగా తెంచుతుంది. 1950లలో అమెరికాలో విలియమ్ బారో, 20వ శతాబ్దపు తొలి సగంలో అచ్చయిన 500 పుస్తకాల కాగితాన్ని పరీక్షించి ఆమ్లాన్నే ప్రధాన దోషిగా చూపాడు.

మరి కలప గుజ్జు మాటేమిటి? నూరి తీసిన గుజ్జులో లిగ్నిన్ అనే కలప పదార్థం మిగిలిపోతుంది, ఎండ తగిలితే పచ్చబడుతుంది. న్యూస్‌ప్రింట్ గతి అదే. ఒక్కరోజు చదివి పక్కన పడేసే పత్రికకు అది చాలు. అయితే రసాయనాలతో ఉడికించి లిగ్నిన్ తీసేసిన కలప కాగితం కూడా పటిక వేస్తే పెళుసెక్కింది. యంత్రం వేగమే పటికను కోరింది కదా అంటే, కొంతవరకు ఒప్పుకోవాలి. కానీ కోరినది పటికను కాదు, గుజ్జులోనే కలిసిపోయే మందును. గత శతాబ్దం మధ్య నుంచి ఆమ్లం అక్కర్లేని మందులు వచ్చాయి. అవే మిల్లులు, అదే కలప, పైగా ఆమ్లాన్ని విరిచే కాల్షియం కార్బనేట్. 1994 నాటి ఐఎస్ఓ 9706 ప్రమాణం శాశ్వత కాగితంలో కనీసం 2 శాతం కార్బనేట్‌కు సమానమైన క్షారం ఉండాలంటుంది. పాత చేతి కాగితంలా గుడ్డపీలికలతోనే చేయాలని అనదు.

పుస్తకం అచ్చు వేయించేవారు ఎన్ని జీఎస్ఎం అని అడిగినప్పుడే, ఆమ్లరహితమా కాదా అని కూడా కాగితం వ్యాపారిని అడగండి.