శవంపై విచారణ: తొమ్మిదో శతాబ్దపు పోపు పీఠంలో అధికార పోరు

క్రీ.శ. 897 జనవరిలో రోము నగరంలో ఒక మతసభ జరిగింది. అందులో ముద్దాయి ఫార్మోసస్, దాదాపు తొమ్మిది నెలల క్రితం మరణించిన పోపు. సమాధి నుంచి శవాన్ని బయటికి తీయించి, పోపు ధరించే పూజావస్త్రాలు తొడిగి, సింహాసనంపై కూర్చోబెట్టారు. దాని తరఫున జవాబులు చెప్పడానికి ఒక డీకన్‌ను పక్కన నిలబెట్టారు. అభియోగం మోపినవాడు అప్పటి పోపు ఆరవ స్టీఫెన్. (కొన్ని గ్రంథాల్లో ఇతడే ఏడవ స్టీఫెన్. 752లో ఎన్నికై, అభిషేకానికి ముందే మరణించిన మరో స్టీఫెన్‌ను లెక్కలో చేర్చడం వల్ల వచ్చిన తేడా ఇది. రెండు పుస్తకాలు చదివి కంగారు పడకండి.)

చరిత్రకారులు ఈ సభను ‘శవ సినడ్’ అంటారు. తరగతిలో ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా విద్యార్థులు నవ్వేవారు. నేను ఆపేవాడిని కాదు. నవ్వు సద్దుమణిగాక ఒక ప్రశ్న వేసేవాడిని: చచ్చినవాడిని శిక్షిస్తే బతికున్నవాళ్లలో ఎవరికి లాభం? ఈ పాఠ్యభాగాన్ని మీరు కూడా ఆ ప్రశ్నతోనే చదవండి.

నేపథ్యం

887లో స్థూలకాయుడైన చార్లెస్ పదవీచ్యుతుడయ్యాక కరోలింజియన్ సామ్రాజ్యం ముక్కలైంది. అంతవరకు పోపుకు అండగా నిలిచిన చక్రవర్తి బలం మాయమైంది. చక్రవర్తికి కిరీటం పెట్టే హక్కు మాత్రం పోపు చేతిలోనే మిగిలింది. అందుచేత ఇటలీలో ప్రతి ప్రభువూ రోముపై కన్నేశాడు. వారిలో రోముకు దగ్గరగా ఉన్న బలవంతుడు స్పొలెటో ప్రభువు గీడో. 891లో అయిదవ స్టీఫెన్ చేత అతడు చక్రవర్తి కిరీటం పెట్టించుకున్నాడు. అదే ఏడాది పోపు అయిన ఫార్మోసస్ మరుసటి ఏడు గీడో కుమారుడు లాంబెర్ట్‌కూ కిరీటం పెట్టవలసి వచ్చింది. ఇంటి పక్కనే కూర్చున్న చక్రవర్తి రక్షకుడిగా కంటే యజమానిగా మారే ప్రమాదం ఎక్కువ. ఫార్మోసస్ జర్మనీ పాలకుడు ఆర్నుల్ఫ్‌కు కబురు పంపాడు. ఆర్నుల్ఫ్ 896లో రోమును పట్టుకుని కిరీటం పొందాడు కానీ, పక్షవాతానికి గురై వెనుదిరిగాడు. ఆ ఏప్రిల్‌లో ఫార్మోసస్ కన్నుమూశాడు. తరువాత వచ్చిన ఆరవ బొనిఫేస్ పట్టుమని పదిహేను రోజులు పాలించాడు. ఆ తరువాత పీఠం స్టీఫెన్‌కు దక్కింది.

అభియోగాలు

మొదటిది ప్రమాణభంగం. ఫార్మోసస్ అంతకుముందు పోర్టో బిషప్. 876లో పోపు ఎనిమిదవ జాన్ అతడిని వెలివేశాడు. పోపు పదవి కోసం కుట్ర పన్నాడన్నది అప్పటి ఆరోపణల్లో ఒకటి. 878లో ట్రాయ్ నగరంలో, మళ్లీ రోములో అడుగుపెట్టనని, గురుత్వ విధులు నిర్వహించనని అతడు ప్రమాణం చేశాడు. తరువాతి పోపు మరీనస్ ఆ ప్రమాణం నుంచి అతడిని విడిపించి పోర్టోకు తిరిగి పంపాడు. కాబట్టి ఈ అభియోగంలో పస తక్కువ.

రెండవది మేత్రాసనం మారడం. బిషప్‌కు, అతని మేత్రాసనానికి మధ్య ఉన్న బంధాన్ని ఆనాటివారు వివాహంతో పోల్చేవారు. ఒకచోటి బిషప్ మరోచోటికి మారరాదని 325 నాటి నైసియా మహాసభ నిషేధించింది. పోర్టో బిషప్ రోము బిషప్, అంటే పోపు ఎలా అయ్యాడన్నది ప్రశ్న. అయితే అంతకుముందే, 882లో, వేరే మేత్రాసనపు బిషప్‌గా ఉంటూ మరీనస్ పోపు అయ్యాడు. ఎవరూ అతని సమాధి తవ్వలేదు.

అసలు చిక్కు ఇక్కడుంది. అభియోగం మోపిన స్టీఫెన్ స్వయంగా అనాన్యీ బిషప్‌గా ఉండి పోపు అయినవాడే. అతడిని ఆ బిషప్‌గా అభిషేకించింది ఫార్మోసస్! అంటే ముద్దాయి చేసిన తప్పే ఫిర్యాది కూడా చేశాడు.

తీర్పు, దాని గణితం

శవం దోషి అని తేల్చారు. పూజావస్త్రాలు ఊడదీశారు. ఆశీర్వదించే కుడిచేతి మూడు వేళ్లు నరికారు. పరదేశుల శ్మశానంలో పూడ్చి, ఆ తరువాత తవ్వి టైబర్ నదిలో పడేశారు. భీభత్సం నిండిన ఈ భాగమే అందరికీ గుర్తుంటుంది. పర్యవసానాల దృష్ట్యా ముఖ్యమైనది మరొకటి: ఫార్మోసస్ పోపుగా చేసిన గురుపట్టాభిషేకాలన్నీ చెల్లవని ప్రకటించారు. అవి చెల్లకపోతే స్టీఫెన్ అనాన్యీ బిషప్ పదవి కూడా చెల్లదు. అతడు ఎన్నడూ బిషప్ కానట్టే లెక్క. బిషప్ కానివాడు మేత్రాసనం మారాడనే ప్రశ్నే రాదు. ఒక్క తీర్పుతో శత్రువు దోషి అయ్యాడు, తాను నిర్దోషి అయ్యాడు.

అయితే దీని మూల్యం చెల్లించింది వేరేవాళ్లు. ఫార్మోసస్ చేత బిషప్‌లుగా అభిషిక్తులైనవారు, వారి చేత గురువులైనవారు ఒక్కసారిగా సామాన్యులయ్యారు. వారు సమర్పించిన పూజాబలులు, ఇచ్చిన పాపక్షమాపణలు చెల్లుతాయా? మరణశయ్యపై అలాంటి గురువు దగ్గర పాపాలు ఒప్పుకున్న మనిషి గతేమిటి? మోక్షాన్ని నమ్మిన సమాజంలో ఇది పరిపాలనా వివాదం మాత్రమే కాదు.

ఈ సభ వెనుక లాంబెర్ట్, అతని తల్లి అగెల్‌ట్రూడ్ ఉన్నారని చాలాకాలం పాఠ్యపుస్తకాలు రాశాయి. ఆ జనవరిలో వారు రోములో ఉన్న మాట నిజం. కానీ 898లో పోపు తొమ్మిదవ జాన్ ఫార్మోసస్ గౌరవాన్ని పునరుద్ధరించినప్పుడు, రవెన్నా సభలో దానికి మద్దతిచ్చింది ఈ లాంబెర్టే. అందువల్ల ‘తల్లీకొడుకుల పగ’ అన్న వివరణ ఒక్కటే చాలదని నా అభిప్రాయం. రోములోని వర్గపోరు, స్టీఫెన్ సొంత చిక్కు అంతే బలమైన కారణాలు.

పర్యవసానం

అదే కాలంలో లాటరన్ బసిలికా కూలిపోయింది. జనం దాన్ని దైవాగ్రహంగా భావించారు. ఏడాది తిరగకముందే స్టీఫెన్‌ను పట్టి చెరలో వేసి గొంతు నులిమి చంపారు. 897 ఒక్క సంవత్సరంలోనే ముగ్గురు పోపులు పీఠమెక్కి ఉన్నారు. వారిలో చివరివాడు, మూడు వారాలైనా పాలించని రెండవ థియోడోర్, నదిలో దొరికిన దేహాన్ని సగౌరవంగా తిరిగి సమాధి చేయించాడు. తొమ్మిదవ జాన్ శవ సినడ్ పత్రాలను తగలబెట్టించి, మృతులపై విచారణను నిషేధించాడు. ఇక్కడ కూడా రాజకీయం చూడండి: ఫార్మోసస్ చేసిన పట్టాభిషేకాలు చెల్లాయి, లాంబెర్ట్ కిరీటం చెల్లింది, ఆర్నుల్ఫ్‌కు పెట్టిన కిరీటం మాత్రం చెల్లలేదు.

904లో పోపు అయిన మూడవ సెర్గియస్ కథను మళ్లీ మొదటికి తెచ్చాడు. శవ సినడ్‌లో స్టీఫెన్ పక్షాన ఉన్న ఇతడు ఫార్మోసస్ పట్టాభిషేకాలను తిరిగి రద్దుచేసి, మళ్లీ అభిషేకం పొందాలని ఒత్తిడి తెచ్చాడు. ఫార్మోసస్ చేత అభిషిక్తుడైన ఆక్సీలియస్ అనే గురువు దీన్ని ఖండిస్తూ గ్రంథాలు రాశాడు. అసలు పత్రాలు కాలిపోవడం వల్ల, ఆ సభ గురించి మనకు తెలిసినదంతా ఇలాంటి పక్షపాత రచనల నుంచి, 898 నాటి సభల తీర్మానాల నుంచి ఏరుకున్నదే. పదో శతాబ్దంలో రాసిన క్రెమోనా బిషప్ లియుట్‌ప్రాండ్ అయితే శవాన్ని విచారించింది సెర్గియస్ అనే నమోదు చేశాడు. అప్పటికి అర్ధశతాబ్దం గడిచింది. జనం నోట స్టీఫెన్ పేరు మరుగున పడి, సెర్గియస్ పేరు మిగిలినట్టుంది.