రొయ్య తలకాయలో ఏముంది?

"తాతయ్యా, రొయ్య రక్తం నీలంగా ఉంటుందటగా, నిజమేనా?" అని మా మనవరాలు అడిగింది.

నిజమే తల్లీ. మన నెత్తుట్లో ఇనుము ప్రాణవాయువును మోస్తే, రొయ్య నెత్తుట్లో ఆ పని రాగి చేస్తుంది. అందుకే రొయ్యలో రాగి కనబడగానే చెరువు చెడిందని గాభరా పడకూడదు. అది దాని సొంత సొమ్ము. జాగ్రత్త పడాల్సింది కాడ్మియం దగ్గర. మన మూత్రపిండాల్లో ఒకసారి చేరిందంటే, సగం పోవడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది.

మరి రొయ్యలో పిసరంతే ఉండే ఈ లోహాన్ని ఎలా కొలుస్తారు? ముందు అది ఎంత పిసరో చూడు. 10 కిలోల సన్నబియ్యం సంచిలో సుమారు 10 లక్షల గింజలుంటాయి. ఐరోపా దేశాలు రొయ్య కండలో కాడ్మియం కిలోకు అర మిల్లీగ్రాము మించకూడదంటాయి. అంటే అలాంటి రెండు సంచుల్లో ఒక్క గింజ అన్నమాట! ప్రయోగశాలలో యంత్రం ఇంకా గట్టిది, 10 టన్నుల లారీలో ఒక్క గింజ ఉన్నా పట్టేస్తుంది. రొయ్య మాంసాన్ని నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి, ఆ ద్రవాన్ని సన్నటి తుంపరగా ఆర్గాన్ ప్లాస్మాలోకి చిమ్ముతారు. అది సూర్యుడి ఉపరితలం కన్నా వేడి. ఆ వేడికి అన్నీ పరమాణువులుగా విడిపోతాయి. యంత్రం వాటిని బరువును బట్టి వేరుచేసి లెక్కపెడుతుంది.

ఒకే వెనామీ జాతి రొయ్య ఈక్వెడార్‌లో పెరుగుతుంది, థాయ్‌లాండ్‌లో పెరుగుతుంది, మన భీమవరం చెరువుల్లోనూ పెరుగుతుంది. మట్టి, నీరు, మేత వేరు కనుక లోహాల పాళ్లూ మారతాయి. ఉప్పు తక్కువున్న చెరువుల్లో మన రైతులు పొటాషియం, మెగ్నీషియం కూడా చల్లుతారాయె. ఈ పాళ్లన్నీ కలిపి చూసి అది ఏ ప్రాంతపు రొయ్యో పోల్చే పద్ధతులున్నాయి. లోహం దూరం నుంచీ కొట్టుకు రావచ్చు. ఫ్రాన్సులో జిరోండ్ నదీముఖం సంగతి అలాంటిదే, బాధాకరం. ఎగువన వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న జింకు కర్మాగారం నుంచి కాడ్మియం కొట్టుకొచ్చి ఆల్చిప్పల్లో చేరింది. చివరికి అక్కడి ఆల్చిప్పలను తినడానికి అమ్మడమే ఆపేశారు.

అయితే రొయ్యలను పోల్చేటప్పుడు ఒక ఊరి రొయ్యను తలతోనూ, ఇంకో ఊరి రొయ్యను తల తీసీ కొలిస్తే ఆ పోలిక చెల్లదు. కాడ్మియం ఎక్కువగా చేరేది తలలో ఉండే పసుపుపచ్చటి ముద్దలోనే. తోక కండలో చాలా తక్కువ. ఐరోపా వాళ్ల హద్దు కూడా తోక, కాళ్ల కండకే గానీ తలకు కాదు.

తలకాయల పులుసు నాకూ ఇష్టమే. అయినా, తలలు తీసేసి వండమని అమ్మతో చెప్పు తల్లీ. ఆ పులుసు ఎప్పుడో ఒకసారి చాలు.